చేతులు వెనక్కి

మెడలో విజిల్ లేకుండా మా బావని నేను చూసింది తక్కువ. బడిలో ఆయన వర్క్‌షాపు మాస్టారు. రంపం పట్టుకోవడం, టంకం వెయ్యడం, మేకు వంగకుండా కొట్టడం పిల్లలకి నేర్పేవాడు. ఏడాదికొకసారి బడిపిల్లల రోబో పోటీలు జరిగితే వాటికి పెద్ద రిఫరీ కూడా ఆయనే. పోటీ ఒక్క రోజే అయినా విజిల్ మాత్రం ఏడాది పొడుగునా మెడలోనే వేలాడేది. "నేను రెండో పెళ్ళాన్నే. మొదటిదాన్ని తాడు కట్టి మెడలో వేసుకు తిరుగుతున్నాడు" అనేది మా అక్క. ఊరంతా ఆయన్ని విజిల్ మాస్టారు అనే పిలిచేవాళ్ళు.

అక్క పెళ్ళినాటికి నేను రెండు జడల పిల్లని. అప్పటి అలవాటు పోక బావని ఇప్పటికీ నువ్వనే అంటాను. పెద్దయ్యాక నేను ఇంకో బడిలో లెక్కల టీచర్‌నయ్యాను. కూడికలు తప్పు చెయ్యనని పోటీల్లో నన్ను స్కోరు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. యంత్రాల మీద నాకేమంత ప్రేమ లేదు. బావ చెయ్యి ఎత్తితే పాయింట్లు వేసేదాన్ని, విజిల్ ఊదితే గడియారం ఆపేదాన్ని.

పోటీ సంగతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. ఒక్కో బడి నుంచి నలుగురు పిల్లలు ఒక టీముగా వస్తారు. తాము తయారుచేసిన రోబోని, వాళ్ళ భాషలో బండిని, నడుమెత్తు బల్ల మీద పెడతారు. మీట నొక్కాక అది తనంతట తానే నడవాలి. రంగు దిమ్మల్ని తోసుకెళ్ళి పెట్టెలో వెయ్యాలి, చిన్న వంతెన ఎక్కి దిగాలి, బయల్దేరిన చోటికి తిరిగి రావాలి. ఒక్కో పనికి కొన్ని పాయింట్లు. పక్కపక్క బల్లల మీద రెండు టీములు ఒకేసారి ఆడతాయి. తక్కువ వచ్చినవాళ్ళు ఇంటికి.

ఇంటికి అన్నానే గాని, ఇంటికి పోయేదెక్కడ. బస్సులు సాయంత్రం దాకా వచ్చేవి కావు. ఏడాదంతా బడి వదిలాక కూర్చుని బండి కట్టుకున్న పిల్లలు పొద్దున్నే ఒక్క ఆటలో ఓడిపోయి, హాలు మెట్ల మీద అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని పొద్దుపోయేదాకా కూర్చునేవాళ్ళు. కొందరు ఆ పెట్టె మూత తెరిచి బండిని చూసి మళ్ళీ మూసేవాళ్ళు. ఒకసారి బావ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను.

"ఓడిపోవడం కూడా ఒక పాఠమే కదా" అన్నాడు.

"ఆ పాఠం పొద్దున్నే చెప్పేసి పంపేస్తున్నావు బావా. మిగతా రోజంతా ఏం చెయ్యమంటావు వాళ్ళని?"

నవ్వేసి హాల్లోకి వెళ్ళిపోయాడు. మంచివాడే గాని ముక్కుసూటి మనిషి. రూలు ఒకసారి రాశాడంటే దానికి తలుపూ కిటికీ ఉండవు.

అలా రాసినవాటిలో ఒకటి చెయ్యి రూలు. ఒక ఏడాది ఒక కోచ్ కింద పడ్డ పెన్ను తీసుకుంటున్నట్టు వంగి, దారి తప్పిన బండిని మోచేత్తో మెల్లగా సర్దాడు. అందరూ చూశారు, ఎవరూ మాట్లాడలేదు. బావకి ఒళ్ళు మండిపోయింది. మరుసటి ఏడాదికి కొత్త రూలు రాసి పోటీలు నడిపే సంఘం ముందు పెట్టాడు. మీట నొక్కాక ఎవరి చెయ్యి బండికి తగిలినా, ఎందుకు తగిలినా, ఆ ఆటకి మొత్తం సున్నా. బండి దానంతట అది ఆగిపోతే, చెడిపోతే, అప్పటిదాకా వచ్చిన పాయింట్లు ఉంటాయి. సంఘం చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. లెక్క వెయ్యడానికి అంతకన్నా సుఖమైన రూలు ఉండదు.

బావకీ అక్కకీ ఒక్కతే కూతురు. జేబు నిండా నట్లూ బోల్టులూ వేసుకుని గలగలమంటూ తిరిగేదని దాన్ని నట్టు అనేవాళ్ళం. తండ్రి పని చేసే బడిలో చదివితే ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారని బావ దాన్ని వేరే బడిలో వేశాడు. అది ఆ బడి రోబో టీములో చేరింది. ఇక ఆ ఇంట్లో వింత చూడాలి. ఆ ఏడాది బల్ల మీద ఏ పనులుంటాయో బావకి ముందే తెలుసు. కూతురికి తెలియకూడదు. అందుకని ఆయన గది తలుపు దగ్గరేసుకుని రాసుకునేవాడు, అది వరండాలో దుప్పటి కప్పుకుని బండి విప్పుకునేది. భోజనాల దగ్గర రోబో మాట ఎత్తకూడదని ఇద్దరికీ ఒప్పందం.

"నాన్నా, రేపు వాన పడుతుందా?" అనేది అన్నం కలుపుకుంటూ.

"ఏమోనమ్మా, తెలీదు."

"తెలీదా, చెప్పకూడదా? రూల్స్‌లో ఉందేమో చూసుకుని చెప్పు."

అక్క నవ్వి నవ్వి పొలమారేది. బావ పెదవి బిగించుకునేవాడు గాని, ఆయన భుజాలు కదలడం నాకు కనిపించేది.

నట్టు మొదటిసారి పోటీకి వచ్చిన రోజున రెండో రిఫరీ జ్వరమని రాలేదు. తన కూతురి ఆట తను చూడనని బావ సంఘం అధ్యక్షురాలికి పొద్దున్నే చెప్పుకున్నాడు. ఆవిడ రిటైరైన ఇంజనీరు, నిదానస్థురాలు. "మాస్టారూ, మీ మీద నమ్మకం లేనివాళ్ళు ఈ హాల్లో ఎవరూ లేరు. కానివ్వండి" అంది. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని ఆవిడే తర్వాత నాతో చాలాసార్లు అంది.

నట్టు బండి బాగా కట్టుకుంది. దిమ్మలన్నీ పెట్టెలో వేసి వంతెన ఎక్కింది. అప్పటికి నా కాగితం మీద వాళ్ళకి నలభై, పక్క బల్ల మీది టీముకి ముప్ఫై. పక్క బండి అప్పటికే దిమ్మల పెట్టెకి ముక్కు ఆనించి ఆగిపోయింది. ఇక నట్టు వాళ్ళు చెయ్యాల్సిందేమీ లేదు, ఆ ఆట గెలిచినట్టే. ఈలోగా వంతెన దిగుతున్న బండి బ్యాటరీ ఉన్న పక్కకి ఒరిగింది. ఒక చక్రం బల్ల అంచు దాటింది. కింద సిమెంటు నేల.

నట్టు చెయ్యి చాపి పట్టుకుంది.

ఆలోచించి చేసింది కాదు. చంకలో బిడ్డ జారితే తల్లి ఆలోచించి పట్టుకుంటుందా. పట్టుకున్నాక దానికి అర్థమైంది. బండిని గుండెకి ఆనించుకుని తండ్రి వైపు చూసింది. మిగతా ముగ్గురు పిల్లలూ చూశారు, కుర్చీల్లోంచి అక్కా చూసింది, హాలంతా చూసింది. బావ విజిల్ ఊదాడు. రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. సున్నా.

నలభై కొట్టేసి సున్నా వేశాను. నా చేతిలో పెన్సిల్ ముక్కు విరిగింది. ఎవరో కోచ్ నా వెనకాల "చూశారా, సొంత కూతురైనా సరే" అని మెచ్చుకోలుగా అన్నాడు. లేచి ఆ మనిషిని ఒకటి పీకాలనిపించింది. నట్టూ దాని స్నేహితులూ మెట్ల మీదికి వెళ్ళి పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అది ఏడవలేదు. స్నేహితులు ఏడిస్తే జేబులోంచి జేబురుమాలు తీసిచ్చింది, దాంతోపాటు రెండు నట్లు రాలాయి.

ఆ రాత్రి భోజనానికి నేనూ ఉన్నాను. పోటీ అయిపోయింది కాబట్టి ఒప్పందం కూడా అయిపోయిందనుకుందేమో, నట్టే ఆ మాట ఎత్తింది.

"నాన్నా, నేను పట్టుకోకుండా పడిపోనిస్తే మాకు ఎన్ని వచ్చేవి?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. బావ ముద్ద నోటి దాకా తెచ్చి ఆపేశాడు. జవాబు ఆయనకి తెలుసు. రూలు రాసింది ఆయన. జవాబు నాకూ తెలుసు, నలభై కొట్టేసింది నేను. పడిపోనిస్తే బండి ముక్కలయ్యేది. చెడిపోయిన బండికి అప్పటిదాకా వచ్చినవి ఉంటాయి. నలభైతో వాళ్ళు గెలిచి రెండో రౌండుకి వెళ్ళేవాళ్ళు.

"రేపు చూసి చెప్తానమ్మా" అన్నాడు బావ.

ఆ రేపు రాలేదు. వారం అయ్యాక మళ్ళీ అడిగింది, చూస్తానన్నాడు. ఆ తర్వాత అది దాన్ని ఒక ఆటలా చేసుకుంది. ఆయన చెప్పులు దొరక్క వెతుక్కుంటుంటే "రేపు చూసి చెప్తా నాన్నా" అనేది. అక్క నా వైపు చూసేది. అంతకుమించి ఆ పిల్ల ఎప్పుడూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. మళ్ళీ ఏడాది పోటీ కోసం బండిని విప్పి, ఈసారి బ్యాటరీ మధ్యలోకి జరిపి కట్టుకోవడం మొదలుపెట్టింది.

వానలు పడ్డాక దానికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టి, తలకెక్కిందన్నారు. ఆసుపత్రిలో పెట్టారు. తెలివి ఉన్నప్పుడు బాగానే మాట్లాడేది. ఒక సాయంత్రం బావ దాని నుదుటి మీద తడిగుడ్డ మార్చుతుంటే కళ్ళు తెరిచి, "ఇంకా చూళ్ళేదా నాన్నా?" అంది. పెదవి కొస నవ్వుతోంది.

"ఇంటికొచ్చాక చెప్తానమ్మా. కూర్చోబెట్టి చెప్తాను."

ఇంటికి రాలేదు. దాని గురించి ఇంతకన్నా రాయలేను. ఆసుపత్రి వాళ్ళు దాని బట్టలు మూటగట్టి ఇచ్చినప్పుడు అందులో ఏదో గలగలమంది. అక్క ఆ మూట నాకిచ్చేసి గోడకి ఆనుకుని కిందికి జారిపోయింది.

ఆ ఏడాది పోటీకి బావ రాడనుకున్నారు అందరూ. వచ్చాడు. ఎప్పటిలాగే చొక్కా చేతులు మడుచుకుని, విజిల్ వేసుకుని, రెండు బల్లల మధ్య నిలబడ్డాడు. నాకు చూస్తూ చూస్తూ కోపం వచ్చింది. దుఃఖం ఎక్కువైతే నాకు కోపం వస్తుంది, మా అమ్మ దగ్గరి నుంచి వచ్చిన బుద్ధి. పోటీ అయ్యాక బల్లలు మడతపెడుతుంటే అడిగేశాను.

"బావా, పసిదాని ప్రశ్నకి ఒక్క జవాబు చెప్పలేకపోయావా? నలభై అనే మాట అనడానికి నీకు నోరు పెగల్లేదా?"

మడతపెట్టే బల్లని అలాగే వదిలేసి నిలబడ్డాడు.

"ఏం చెప్పమంటావే? నలభై వచ్చేవని చెప్తే, నువ్వు దాన్ని పడేసుకోవాల్సిందమ్మా అని చెప్పినట్టు. సున్నా వచ్చేదంటే అబద్ధం. పట్టుకోవడం తప్పు, విరగ్గొట్టుకోవడం ఒప్పు అని నా చేత్తో రాసి పెట్టాను. తండ్రి నోటితో అది ఎలా చెప్పను?"

బల్ల రెండో కొస పట్టుకున్నాను.

ఆ రోజు నుంచి ఆయనకి ఒకటే పని. రూలు మారాలి. అంతే, ఇంకేం వద్దు. కూతురికి చెప్పలేకపోయిన జవాబు వేరే జవాబుగా మారాలి. వర్క్‌షాపు తాళం వేశాక ఇంటికొచ్చి కాగితాలు ముందేసుకుని కూర్చునేవాడు. రాసింది కొట్టేసేవాడు. నన్ను పిలిచి ఇలా అయితే ఎన్ని, అలా అయితే ఎన్ని అని లెక్కలు వేయించేవాడు. నా తల ప్రాణం తోకకి వచ్చేది. చివరికి తేల్చింది ఇదీ. పడిపోతున్న బండిని పట్టుకుంటే పది పాయింట్లే పోవాలి, బండిని మొదటికి తెచ్చి మళ్ళీ నడిపించుకోవచ్చు, అప్పటిదాకా సంపాదించినవి ఉండాలి. దారి తప్పినప్పుడు సర్దితే మాత్రం ఆ పనికి పాయింట్లు రావు. ఇంకా, ఒక్క ఆటతో ఎవరినీ పంపెయ్యకూడదు. ప్రతి టీమూ మూడుసార్లు నడపాలి, మూడింటిలో మంచిది లెక్కలోకి రావాలి.

"మెట్ల మీద కూర్చునే పిల్లలు గుర్తొచ్చారా?" అన్నాను.

"నువ్వు చూపించినప్పుడే గుర్తు పెట్టుకోవాల్సింది" అన్నాడు.

సంఘం వినలేదు. జాలిగా చూశారు, టీ ఇచ్చారు, వినలేదు. అధ్యక్షురాలు "మాస్టారూ, మూడేసి ఆటలంటే హాలు రెండు రోజులు కావాలి" అంది. పొడుగు కోచ్ అని ఒకాయన ఉండేవాడు, ఆయన టీములు తరచూ గెలిచేవి. ఆయన అయితే, "పడిపోతోందని పట్టుకున్నారో, పడిపోతున్నట్టు నటించి పట్టుకున్నారో ఎవరు తేలుస్తారు? ఇప్పుడున్న రూలు మీరు రాసిందే కదా, దానికేం తక్కువ?" అన్నాడు. అది తప్పు మాటేమీ కాదు. బావ ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా వరండాలో కూర్చున్నాడు.

అక్క అన్నీ వింటూ ఉండేది గాని ఆ విషయంలో నోరు విప్పేది కాదు. ఆ రోజు మాత్రం స్టూలు వేసుకుని అటక మీంచి నట్టు అట్టపెట్టె దించింది. అది అటకెక్కి ఏడాది దాటింది.

"రెండు రోజులు పడుతుందో ఒక్క రోజు చాలుతుందో ఇంట్లో చూద్దాం. దీంతో చెయ్యండి" అంది బావతో.

మరుసటి ఆదివారం భోజనాల బల్లనే పోటీ బల్ల చేశాం. బావ రిఫరీ, నేను గడియారం, అక్క నలుగురు పిల్లల పాత్ర ఒక్కతే వేసింది. ఒక టీము ఆడుతుంటే తర్వాతి టీము పక్క బల్ల మీద సర్దుకుంటూ ఉంటే ఎంత టైము ఆదా అవుతుందో చూడాలి. అక్క ఈ బల్ల దగ్గర మీట నొక్కి, పరుగెత్తి వెళ్ళి వంటింటి గట్టు దగ్గర ఇంకో టీములా నిలబడి, మళ్ళీ పరుగెత్తుకొచ్చేది. "మీ టీము ఆలస్యంగా వచ్చింది, హెచ్చరిస్తున్నాం" అన్నాను ఒకసారి. "మా కోచ్ దండగమనిషి, విజిల్ ఊదడం తప్ప ఏం రాదు" అంది. ఎన్నాళ్ళకో ముగ్గురం నవ్వాం. నట్టు కట్టిన బండి తిన్నగా నడిచింది. బ్యాటరీ మధ్యలో ఉండటం వల్ల ఎక్కడా ఒరగలేదు. అయినా ఆడబోయే ముందే అక్క గదిలోంచి బొంతలు తెచ్చి బల్ల చుట్టూ నేల మీద పరిచింది. ఎందుకని నేను అడగలేదు. బావ వంగి ఒక బొంత అంచు సరిచేశాడు.

ఒక్క రోజు చాలుతుందని తేలింది. ఆ లెక్క పట్టుకెళ్ళి మళ్ళీ సంఘం ముందు పెట్టాడు. ఈసారి ఆలోచిస్తామన్నారు. ఆలోచిస్తూ ఇంకో పోటీ వచ్చేసింది, పాత రూళ్ళతోనే.

ఆ పోటీ నేను మరిచిపోలేను.

పొడుగు కోచ్ టీము బల్ల దగ్గరికి వచ్చింది. నలుగురూ చిన్నపిల్లలు, అందరికంటే చిన్నది బల్ల ఎత్తుకి కాస్త మించి ఉంటుంది. మీట నొక్కగానే నలుగురూ ఒక్క అడుగు వెనక్కి వేసి, చేతులు వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో రెండో చేతి మణికట్టు పట్టుకుని నిలబడ్డారు. ఎవరో ఆజ్ఞ ఇచ్చినట్టు ఒక్కసారే చేశారు. భలే క్రమశిక్షణ అన్నారెవరో.

బండి దిమ్మలు వేసింది, వంతెన ఎక్కింది, దిగుతూ దారి తప్పి అంచు దగ్గరికొచ్చింది. అంచు మీద ఒక్క క్షణం ఊగింది. అందుకోగలిగినంత దగ్గరలో ఆ చిన్నపిల్ల ఉంది. దాని భుజాలు ముందుకి వచ్చాయి. చేతులు రాలేదు. వెనక మణికట్టు పట్టుకున్న వేళ్ళు తెల్లబడటం నా బల్ల దగ్గరికి కనిపించింది. బండి కింద పడింది. చక్రం ఒకటి నా కాళ్ళ దాకా దొర్లుకుంటూ వచ్చింది.

రూలు ప్రకారం పాయింట్లు ఉన్నాయి. వాళ్ళు గెలిచారు. ఆ పిల్ల నిలబడ్డచోటే ఏడుస్తోంది, కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా చేతులు ముందుకి తియ్యలేదు. ఆట అయిపోయిందని విజిల్ ఊదాలి. బావ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు గాని ఊపిరి రాలేదు.

అధ్యక్షురాలు లేచి వచ్చి, "చేతులు వదిలెయ్యమ్మా, అయిపోయింది" అంది. పిల్ల కోచ్ వైపు చూసింది. పొడుగు కోచ్ తల ఊపాకే చేతులు విప్పింది. ఆయన మొహం కూడా మాడిపోయి ఉంది. ఆయనే బావ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

"నన్ను అలా చూడకండి మాస్టారూ. నేను వేరే ఏదీ నేర్పలేదు, మీ రూలే నేర్పాను. ఆ రోజు మీ అమ్మాయికి మీరు సున్నా ఇచ్చాక, అన్ని బళ్ళవాళ్ళమూ పిల్లలకి ముందు నేర్పేది ఇదే. చేతులు వెనక్కి."

బావ వింటూ నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను, ఏడుస్తాడేమో అనుకున్నాను. వంగి నా కాళ్ళ దగ్గరున్న చక్రం తీసుకుని వెళ్ళి ఆ చిన్నపిల్ల చేతిలో పెట్టాడు. తర్వాత మెడలోంచి విజిల్ తీసి అధ్యక్షురాలి ముందు బల్ల మీద పెట్టాడు.

"మిగతా ఆటలు ఇంకెవరైనా చూడండమ్మా. నేను పిల్లలకి ఇది నేర్పించానని నాకు తెలీదు" అన్నాడు.

ఆ నెలలోనే సంఘం కూర్చుంది. బావ రాసిన రూళ్ళకి ముందు చెయ్యెత్తింది పొడుగు కోచే. నటించి పట్టుకుంటే ఎలా అన్న తన ప్రశ్నకి తనే, "నటిస్తే నటించనివ్వండి, పది పాయింట్లు పోతాయి కదా" అన్నాడు. బావ లోపలికి వెళ్ళలేదు, వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. అధ్యక్షురాలు విజిల్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన మెడలో వేసుకోలేదు, జేబులో పెట్టుకున్నాడు.

కొత్త రూళ్ళతో మొదటి పోటీ ఈ ఏడాదే జరిగింది. మెట్ల మీద ఎవరూ లేరు. పొద్దున్న తిప్పలు పడ్డ పిల్లలు బండి విప్పి మళ్ళీ బిగించుకుంటూ, రెండోసారికి మూడోసారికి పరుగులు పెడుతూ హాలంతా గోలగోలగా ఉంది. అక్క కూడా వచ్చింది, ఒక మూల కుర్చీలో కూర్చుంది. మొదట్లో చాలామంది పిల్లలు అలవాటుకొద్దీ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. బావ ప్రతి టీము దగ్గరికీ వెళ్ళి "అవసరం లేదమ్మా, మామూలుగా నిలబడండి" అని చెప్పాడు.

మధ్యాహ్నం ఒక అబ్బాయి బండి వంతెన దిగుతూ అంచు దాటింది. వాడు పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు బిక్కచచ్చిపోయి, బండిని గుండెకి హత్తుకుని బావ వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, మా ముగ్గురికీ తెలుసు. మూలనున్న అక్క కుర్చీలోంచి లేచి నిలబడింది.

బావ విజిల్ ఊదలేదు. వాడి దగ్గరికి వెళ్ళి కాస్త వంగాడు.

"పర్లేదు నాన్నా. మంచి పని చేశావు. మళ్ళీ మొదట్నించి పెట్టుకో."

వాడు పెట్టాడు. బండి ఈసారి వంతెన దిగి బయల్దేరిన చోటికి తిరిగొచ్చింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఎగిరారు. బావ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఎన్ని?"

"అరవై."

"పడిపోనిస్తే ఎన్ని వచ్చేవి?"

లెక్క వెయ్యక్కర్లేదు, అయినా కాగితం చూసుకున్నాను. ఆయన మొహం చూడటం నా వల్ల కాలేదు.

"నలభై బావా. పట్టుకుంటేనే ఎక్కువ."

తల ఊపాడు. నేను చెప్పిన మాటే తనకి తను ఒకసారి చెప్పుకున్నాడు. పట్టుకుంటేనే ఎక్కువ.

"ఇది చెప్పొచ్చు. ఇదైతే దానికి చెప్పగలను" అన్నాడు, నాతో కాదు. అని తలుపు వైపు చూశాడు, ఎవరో అక్కడ నిలబడి ఉన్నట్టు. ఎవరూ లేరు. అక్క అప్పటికే మా వైపు నడిచి వస్తోంది.

తర్వాతి టీము బండి పెట్టుకుని సిద్ధంగా ఉంది. మీట నొక్కమంటారా అని అడుగుతున్నారు. ఆట ఆపే అధికారం స్కోరు బల్లకి ఏ రూల్లోనూ లేదు. కాసేపు ఆగండమ్మా అని నేనే చెయ్యెత్తాను.